నైరుతి బరువు

చిత్తూరు
12 నవంబరు 1996

బావ చెంగల్రాయుడికి దేవరాజులు రాసేది.

మీ ఊరికి కొత్త పేరు పెట్టారని పేపర్లో చూశాను. పేరుతో పాటు మనుషులకు బుద్ధి కూడా కొత్తది వస్తుందేమో అనుకున్నాను. నిన్న బజారులో కృష్ణన్ కనిపించేదాకా ఆ ఆశ ఉండింది.

నీతో పాటు పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన కృష్ణనే. అతను అబద్ధం చెప్పడు. దానికి కావలసిన తెలివి లేదు. వ్యాసర్పాడిలో ఎవరిదో షెడ్డు పట్టుకుని, నీ మిలిటరీ వేలం జీపు వెనక తగిలించడానికి రేకుల డబ్బా ఒకటి చేస్తున్నావట. రెండు చక్రాలు, తలుపు, కిటికీ, లోపల పడక. "యాడికి పోతే ఆడ కాపరం పెడతాడంట సామీ" అని పగలబడి నవ్వాడు. నేను అక్కడ నవ్వలేదు. ఎంతైనా మా ఇంటి ఆడబిడ్డ మొగుడివి. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని అప్పుడు నవ్వాను.

బతుకంతా రైలుపెట్టెలు చేసినవాడికి చేతులు ఊరుకోవు, ఒప్పుకుంటాను. పీటలు చెయ్యి. కోళ్లకు గూడు చెయ్యి. అరవై దాటినవాడు జీపుకు ఇల్లు కట్టుకుని ఊరేగితే చూసేవాళ్లు సర్కసు వచ్చిందనుకుంటారు. ఆ జీపు తనను తాను లాక్కోవడమే గొప్ప, దానికి తోకొకటా.

అసలు సంగతికి వస్తాను. నా కొత్త ఇల్లు పూర్తి కావస్తోంది. వైశాఖంలో గృహప్రవేశం. పాలు పొంగించేది ఆడబిడ్డ. మా తాత కాలం నుంచి మా ఇంట్లో ఆ పని వేరే చేతితో జరగలేదు. నా చెల్లెలు మునెమ్మ ఈ గడప తొక్కి ఐదేళ్లయింది. నా కొడుకు గిరి పెళ్లికి రాలేదు. వాడికి బిడ్డ పుడితే బారసాలకు రాలేదు. పెళ్లిలో అందరూ "మేనత్త యాడ, మేనత్త యాడ" అని అడుగుతుంటే నేను ఏ మొహం పెట్టుకోవాలి. పట్నంలో ఉంటే ఇంత పొగరు వస్తుందని తెలిస్తే దాన్ని పక్కూరికే ఇచ్చి చేసేవాళ్లం.

ఈసారి కూడా రాకపోతే పాలు ఇంకొకరు పొంగిస్తారు. ఆ తర్వాత నా ఇంట్లో దానికి ఆడబిడ్డ స్థానం ఉండదు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు.

మనుషుల మాదిరి బస్సెక్కి రండి. దానికి అక్షరం ముక్క రాదు కాబట్టి ఈ జాబు నువ్వే చదివి వినిపించు. ఏమీ వదలొద్దు. ఫోను చేద్దామంటే బూత్‌లో మీటరు తిరుగుతుంటుంది, తీరిగ్గా తిట్టడానికి కుదరదు.

దేవరాజులు


పెరంబూరు, చెన్నై
24 నవంబరు 1996

బావ దేవరాజులుకి,

జాబు అందింది. రెవెన్యూ ఆఫీసులో నీ సర్వీసంతా జనం అర్జీల మీద 'తిరస్కరించడమైనది' అని రాశావు. రిటైరయ్యాక కూడా చేతికి అదే వస్తున్నట్టుంది. పాపం, అర్జీలు పెట్టేవాళ్లు ఇప్పుడు లేరు, చుట్టాలే మిగిలారు.

కృష్ణన్ చెప్పింది నిజం. డబ్బా చేస్తున్నాను. ఇద్దరు పడుకునే బల్ల, స్టవ్వు పెట్టుకునే అరుగు, వెనక ఎడమ మూల తలుపున్న చిన్న గది. ఆ గది కోసమే మిగతాదంతా. అంతకంటే అడగొద్దు. చెప్పనని ఒకరికి మాటిచ్చాను.

ఎందుకు చేస్తున్నానంటే, మునెమ్మను నీ ఇంటికి తీసుకురావడానికి. బస్సు ఆమెకు పడదు. రైలూ పడదు. పొగరు అని రాశావు. పొగరుంటే బాగుండేది, ఆ పొగరుతోనైనా నాలుగు ఊళ్లు తిరిగేది. ఈ ఐదేళ్లలో ఆమె సౌకార్‌పేట దాటి పోలేదని నీకు తెలుసా. తెలియదు. అడిగితే కదా తెలిసేది.

జీపు ముసలిదే. కిందటేడు ఎన్నూరు ఇసకలో దిగబడిన చేపల లారీని అదే లాగింది. ఆఫీసులో నీ చేత ఒక కాగితం కదిలించడానికి ఎంతమంది లాగాల్సి వచ్చేదో గుర్తు చేసుకుని, తర్వాత నా జీపు మాట ఎత్తు.

నీ జాబు చదివి వినిపించాను. చాలా సంతోషపడింది. పాలు పొంగించే మాట రెండోసారి చదివించుకుంది. "మా అన్నకు నేనంటే ఎంత పానమో చూడు" అని పక్కింట్లో కూడా చెప్పి వచ్చింది. అప్పుడే కొత్త ఇత్తడి గిన్నె కొనాలంటోంది. వైశాఖం ఇంకా ఆర్నెల్లు ఉందంటే వినదు.

వస్తాం. నీ గేటు ముందు డబ్బా నిలబెడతాను. నవ్వడానికి నోరు సిద్ధం చేసుకో.

చెంగల్రాయుడు


చిత్తూరు
9 జనవరి 1997

బావకు,

అన్ని మాటలు విని సంతోషపడిందా. ఆ ముక్క ఇంట్లో చదివి వినిపించాను. మా ఇంటిది కన్నియమ్మ విని "ఆ యమ్మకు రోసమనేది లేదా" అని అడిగింది. చెప్పుతో కొట్టినా నవ్వే మనిషిని ఏమని తిట్టాలి, చెప్పు. తిట్టు కూడా వృథా.

బస్సు పడదట. జడ్జీల పెండ్లాలకు పడుతుంది, డాక్టర్ల పెండ్లాలకు పడుతుంది, కోచ్ ఫ్యాక్టరీ ఫిట్టరు పెండ్లానికి పడదు. ఆమెకు ప్రత్యేకంగా పల్లకీ కావాలి. పల్లకీ మోసే బోయీ దొరికాడు, పేరు చెంగల్రాయుడు.

నా ఇంటి సంగతి విను, నీకెలాగూ మంచి ఇల్లు చూసే యోగం తక్కువ. ఈ రెండేళ్లు నేను వాస్తు క్షుణ్ణంగా చదివాను. ముందు కట్టిన వంటిల్లు పగలగొట్టించి ఆగ్నేయానికి మార్చాను. నైరుతిలో బండరాళ్లు పరిపించి ఎత్తు చేయించాను. మేస్త్రీ గొణిగాడు, వాణ్ణి మార్చేశాను. ఇప్పుడు వీధిలో పునాది తీసే ప్రతివాడూ నా దగ్గరికి వచ్చి అడిగిగానీ పలుగు వేయడం లేదు. కిందటివారం వకీలు వెంకటాచలపతి తన గేటు మార్పించుకున్నాడు. బాగా చదువుకున్నవాడు. నీ మాదిరి రెంచి పట్టినవాడు కాదు.

నీ డబ్బాకు కూడా శాస్త్రం ఉంది, నవ్వొద్దు. బండి ముందు వైపును తూర్పు అనుకో. అప్పుడు వెనక కుడి మూల నైరుతి అవుతుంది. అక్కడ బరువుండాలి. ఎంత బరువుంటే అంత మంచిది. ముందు ఎడమ మూల ఈశాన్యం, అక్కడ పూచికపుల్ల కూడా పెట్టకూడదు. ఇది పాటిస్తే ప్రయాణం సుఖంగా సాగి ఇల్లాలు క్షేమంగా గమ్యం చేరుతుంది. పాటించకపోతే నీ ఖర్మ.

గేదెకు చెప్పినా నీ కంటే ముందు తలకెక్కుతుంది, అయినా చెప్పడం నా ధర్మం కాబట్టి చెప్పాను.

దేవరాజులు


పెరంబూరు, చెన్నై
16 మార్చి 1997

బావకు,

నీ జాబుల్లో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించిన ముక్క ఒకటే ఉంది. ఆ నైరుతి ముక్క. ఇప్పుడు దాని ఫలం అనుభవిస్తున్నాను.

డబ్బా పూర్తయింది. నీలం రంగు వేశాను. మునెమ్మ కిటికీలకు తెరలు కుట్టింది. ఖాళీగా రెడ్‌హిల్స్ దాకా లాక్కుని పోయి వచ్చాను. తల్లి వెంట దూడ మాదిరి వచ్చింది. నీళ్ల డ్రమ్ము, బియ్యం, సామాను నేను ముందు వైపు పెట్టాను. అది శాస్త్రం కాదు, అనుభవం. ఇరుసుకు ముందు బరువుంటే డబ్బా జీపు కొక్కెం మీద ఆనుకుని నిలకడగా వస్తుంది. వెనక బరువుంటే కొక్కెం పైకి లేస్తుంది, డబ్బా తోక ఊపడం మొదలుపెడుతుంది. ఒకసారి ఊపు పట్టిందంటే బ్రేకు వేసినకొద్దీ పెరుగుతుంది. రైలుపెట్టెల్లో పుట్టి పెరిగినవాణ్ణి, బరువు ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు.

మునెమ్మ లోపలికి తొంగి చూసి, "ఈశాన్యంలో డ్రమ్మా, మా అన్న ఏం రాసినాడు, నువ్వేం చేసినావు" అని గొడవకు దిగింది. పెరట్లో పాత రుబ్బురోలు ఉంది. గ్రైండరు కొన్నప్పటి నుంచి దానికి పని లేదు. షెడ్డులో ఇద్దరు మనుషుల్ని పిలిచి ఆ రోలును మోయించి వెనక కుడి మూల పెట్టించింది. ఎందుకంటే బరువుండాలట. డ్రమ్ము, బియ్యం మూట కూడా అక్కడికే చేరాయి.

నేను తెలివి చూపించాలని, "చిత్తూరుకు పోయేది పడమటికి. బండి పడమటికి తిరిగితే నైరుతి ముందుకొస్తాది, రోలు ముందుకు జరుపుదాం" అన్నాను. "మా అన్న ముందర తూర్పు అనుకోమన్నాడు గదా. అనుకో" అంది. రోలు కదల్లేదు.

ఆ బరువుతో మళ్లీ రెడ్‌హిల్స్ పోయాను. వేగం కాస్త పెంచగానే తోక ఊపింది. ఒక సైకిలువాడు బూతులు తిట్టి పొలంలోకి దిగాడు. అతని తప్పు లేదు.

నిన్ను నేను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నేను చెబితే ఆమె వినదు, నువ్వు చెబితే వింటుంది. 'బండికి మాత్రం బరువు ముందు వైపు ఉండాలి' అని ఒక్క వాక్యం రాయి. నీ శాస్త్రం నీ ఇంటికి ఉంచుకో, ఎవరూ ఎత్తుకుపోరు. ఆ డబ్బాతో పాటు రోడ్డు మీద పోయేది నీ చెల్లెలు. నామీద కోపంతో ఈ పని ఆపొద్దు.

చెంగల్రాయుడు


చిత్తూరు
11 ఏప్రిల్ 1997

బావకు,

నీ అర్జీ చూశాను. ఇన్నేళ్లకు నా దగ్గర చెయ్యి చాచావు, అది కూడా శాస్త్రాన్ని తప్పు రాయమని.

నువ్వు చెప్పిన తోక ఊపడం గురించి నాకేమీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. తోలడం రానివాడికి ప్రతి బండీ తోక ఊపుతుంది. నెమ్మదిగా తోలు. ఎద్దులబండికి ఇన్ని వేల ఏళ్లుగా కొక్కెం మీద లెక్కలు ఎవరు వేశారు. వాస్తులో నైరుతికి బరువు, ఈశాన్యానికి తేలిక. ఇంటికైనా అంతే, బండికైనా అంతే, రేపు నువ్వు విమానం చేసినా అంతే. మాట మార్చానని వెంకటాచలపతికి తెలిస్తే నా మొహాన ఉమ్ముతాడు, తన గేటు మళ్లీ పాత చోటికి మార్చమంటాడు.

నిజం చెప్పనా, మునెమ్మ నా మాట పట్టుకుని నిన్ను ఎదిరించిందని చదివి నాకు మొదటిసారి దాని మీద కొంచెం మంచి అభిప్రాయం కలిగింది. మొగుడు ఫిట్టరైనా పుట్టింటి బుద్ధి పూర్తిగా పోలేదు.

ముహూర్తం మే 16, శుక్రవారం ఉదయం. దూరప్రయాణానికి భయపడితే బస్సుంది. మళ్లీ చెబుతున్నాను, పాలు దానికోసం ఆగవు.

దేవరాజులు


పెరంబూరు, చెన్నై
13 మే 1997
(పోస్టుకార్డు)

బావకు,

గురువారం పొద్దున బయలుదేరుతున్నాం. సాయంత్రానికి నీ గేటు ముందు ఉంటాం. రోలు ఇంకా వెనకే ఉంది. దాని గురించి నిన్న కూడా పోట్లాడాం, ఓడిపోయాను. నెమ్మదిగా తోలుతాను.

ఆమె ఇత్తడి గిన్నెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుందట. డబ్బాలో పెడితే సొట్ట పడుతుందట.

చెంగల్రాయుడు


చిత్తూరు
20 మే 1997

చెంగల్రాయుడికి,

గృహప్రవేశం దివ్యంగా జరిగింది. నాలుగు వందల విస్తళ్లు లేచాయి. ఇల్లు చూసినవాళ్లందరూ నోరు తెరిచారు. నువ్వూ నీ పెండ్లామూ తప్ప రానివాళ్లు లేరు.

ముందురోజు సాయంత్రం కన్నియమ్మ రెండు సార్లు గేటు దాకా వెళ్లి రోడ్డు చూసి వచ్చింది. నేను వెళ్లలేదు. నాకు ముందే తెలుసు. నీ డబ్బా పూనమల్లి దాటి ఉండదు. లేదా దారిలో ఏ చెట్టు కింద బాగుంటే అక్కడ స్టవ్వు వెలిగించుకుని ఇద్దరూ పిక్నిక్ చేసుకుని ఉంటారు. మీకు చావు కబురైనా, శుభకార్యమైనా ఒకటే.

పాలు కన్నియమ్మ చెల్లెలు పంకజం పొంగించింది. తూర్పు వైపు పొంగాయి, చాలా మంచిదన్నారు.

నాకు చెల్లెలు లేదు అనుకుంటాను. ఉందని ఐదేళ్లుగా అనుకోవడమే నా తెలివితక్కువ. ఈ ముక్క కూడా దానికి చదివి వినిపించు. దీనికి కూడా సంతోషపడుతుందేమో కనుక్కుని రాయి.

దేవరాజులు


పెరంబూరు, చెన్నై
3 జూన్ 1997

దేవరాజులు గారికి,

ఇది రాసిపెడుతున్నది బాలసరస్వతి, రిటైర్డ్ తెలుగు టీచరు. మునెమ్మగారిది మా పక్క వీధి. చెప్పింది చెప్పినట్టు రాయమన్నారు. నేను ఏమీ దిద్దలేదు. ఇక్కడి నుంచి అంతా ఆమె మాటే.

అన్నా,

నేను మునెమ్మను. ఇంతకు ముందర నీకు నేనెప్పుడూ జాబు రాయలా. నిన్ను హైస్కూలుకు పంపేదానికి నన్ను రెండో క్లాసులో మాన్పించి గేదెల కాడికి పంపినారు. అందుకని నాకు రాదు. నువ్వు చదివిన చదువు నాకు ఎట్ల పనికొచ్చిందో చెప్దామని ఈ యమ్మను కూర్చోబెట్టి రాయిస్తా ఉండా.

మేము పూనమల్లి దాటినాము. కాంచీపురం అడ్డదారి దాటినాము. కావేరిపాకం చెరువుకట్ట మింద కొంచెం దిగుడు ఉండాది. ఆడ ఒక లారీ మమ్మల్ని ఒరుసుకోని పాయ. ఆ గాలికి డబ్బా ఒక పక్కకు ఊగె. ఈయన జీపును పట్టుకోని ఆపేదానికి చూసినాడు. డబ్బా ఆపక్కా ఈపక్కా కొట్టుకోని బోర్ల పడె, దాంతో జీపు గూడా గుంతలోకి దిగె. ఈయనకు కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. వాలాజాపేటలో కట్టు కట్టినారు, ఈడికి తెచ్చినాక ఆపరేషను చేసినారు. నాకు తలమింద దెబ్బ, అది మానిపాయ. రోలు రేకును చీల్చుకోని బయట పడి చెరువు దాకా దొర్లింది. నువ్వు చెప్పినట్టే పెట్టినా. బరువుగానే ఉండె.

ఆ డబ్బా ఎందుకో నీకు ఎవురూ చెప్పలా, నేనే చెప్పొద్దంటి. ఐదేండ్ల కిందట నాకు గర్భసంచి తీసేసినారు గదా. అప్పుటి నుంచి నాకు ఒంటేలు ఆగదు. ఇంత దూరం నడిస్తే చీర తడస్తాది. బస్సులో డ్రైవర్ను ఎన్ని తూర్లు ఆపమంటారు. రైల్లో కక్కసు ఉన్నా ఆ గుంపులో దాని కాడికి పొయ్యేలోగానే తడిసిపోతాది. గిరి పెండ్లికి బయలుదేరినా అన్నా. బస్టాండు దాకా వచ్చినా. బస్సెక్కక ముందే తడిసిపాయ, తిరిగి ఇంటికి పోతిమి. పెండ్లింట్లో పట్టుచీర తడుపుకోని నిలబడే మేనత్త నీకు కావాల్నా. అందుకని పొగరనుకున్నా పరవాలేదంటి. మూల గదిలో ఈయన నాకోసరం కక్కసు చేసినాడు. యాడ కావాలంటే ఆడ జీపు ఆపి, తలుపేసుకోని, మళ్లా బయలుదేరొచ్చు. రేకు అంచులు నాకు గీసుకుంటాయని వారం దినాలు వాటిని అరగదీస్తా కూర్చున్నాడు. దాన్ని నువ్వు సర్కసు అంటివి.

డబ్బా పడినాక ఆ కక్కసు గిన్నె విరిగి నడిరోడ్డు మింద పడి ఉండె. రెండు బస్సులు నిలబడె. అందురూ దిగి చూస్తా ఉండిరి. నాకు భయానికి ఆడనే చీరంతా తడిసిపాయ. ఐదేండ్లు ఏది దాచుకుంటినో అది అంతమంది ముందర అయిపాయ. ఒక అరవ ఆయమ్మ బస్సు దిగొచ్చి తన టవలు నా నడుముకు చుట్టి, "వాంగమ్మా" అని చెయ్యి పట్టుకోని చెట్టు చాటుకు తీసకపాయ. ఎవురు, ఏందని ఒక్క మాట అడగలా. ఆ యమ్మ పేరు గూడా నాకు తెలవదు.

ఈయన ఆస్పత్రిలో ఉండంగా నీ జాబు వచ్చె. ఎప్పుడూ ఈయనే చదవతాడు. ఈ తూరి ఎట్ల. టీచరమ్మ కాడికి తీసకపోయి, మా అన్న రాసినాడు, నేను రాలేదని ఎంత తల్లడిల్లినాడో చదవమ్మా అంటి. ఆ యమ్మ లోపల్లోపల చదువుకోని, మంచినీళ్లు తాగి, "మునెమ్మా, ఇది వద్దులే" అనె. నేను ఒప్పుకోలా. చదివించుకున్నా. నమ్మలేక ఇంటికి పోయి పాత జాబులన్నీ తెచ్చి అన్నీ చదివించుకున్నా.

నీ జాబులు నేను విన్నవి వేరే అన్నా. ఈయన చదివేటప్పుడు ప్రతి జాబూ "మునెమ్మా, ఎట్లుండావు, మోకాలి నొప్పి తగ్గిందా" అని మొదలయ్యేది. గిరి పెండ్లిలో నువ్వు లేకపోతే ఇల్లు బోసిపాయ అని నువ్వు రాసినట్టు విన్నా. నువ్వొచ్చి పాలు పొంగిస్తేనే నాకు ఇల్లు అని నువ్వు రాసినట్టు విన్నా. విని ఏడ్చినా గూడా. నీ నిజం జాబుల్లో నేను ఎట్లుండానని అడిగింది యాడా లేదు. టీచరమ్మను మళ్లా ఒక తూరి ఎతకమంటి. లేదనె.

ఈయన చెప్పాలని చూడలేదనుకోబాక. ఏప్రిల్లో నీ జాబు వచ్చినప్పుడు, "బరువు ముందర పెట్టమని మీ అన్న రాసినాడు" అని చదివినాడు. నేను నమ్మలా. మా అన్న మాట మార్చే మనిషి కాదు, నువ్వే కల్పించినావు అని కేకలేస్తి. ఇన్ని దినాలు ఈయన చదివిన అబద్ధాల్లో నేను పట్టుకునింది అదొక్కటే. ఆ ఒక్కటి నమ్మి ఉంటే ఈయన చెయ్యి ఈ పొద్దు బాగుండేది. ఆ ఒక్క వాక్యం నువ్వు నిజంగా రాసి ఉంటే, ఈయన ఆ కాయితాన్ని టీచరమ్మ చేత చదివించి నన్ను నమ్మించేవాడు. అడిగినాడు గదా. నీకు వకీలు గేటు ఎక్కువైపాయ.

ఎందుకట్ల చదివినావని ఈయన్ని అడిగినా. "మీ అన్న ఇంట్లో నువ్వు నవ్వుతా దిగాల, అందుకని" అన్నాడు. నీమింద ఒక్క మాట గూడా అనలా. నేను అంటా ఉండా.

నువ్వు చదువుకున్నావు, నీకు చేతకాలా. ఈయన రెంచి పట్టినోడు, నీ తిట్లలో నుంచి అన్నను చేసి నాకు ఇచ్చినాడు. నీ ఇల్లు ఎంత పెద్దదైనా దాంట్లో అట్లాంటి మనిషి ఒకడు గూడా లేడు. పంకజం పాలు పొంగించింది గదా, ఆ యమ్మనే ఆడబిడ్డ అనుకో. నాకు కోపం లేదు. నిన్ను తలుచుకుంటే చీదర పుడతాది, అంతే.

ఈయన చెయ్యి బాగైతే డబ్బా మళ్లా చేస్తాడంట. ఈ తూరి చిత్తూరుకు కాదు. మేము చూడని ఊర్లు చానా ఉండాయి.

ఇంక నువ్వు జాబు రాయబాక. రాసినా విప్పము. మా అన్న జాబు వినాలని నాకు పుడితే, ఈయన తెల్లకాయితం పట్టుకోని చదవతాడు. నిన్న సాయంత్రం మంచం మింద కూర్చోని, ఎడమచేత్తో కాయితం పట్టుకోని చదివినాడు. "మునెమ్మా, ఎట్లుండావు" అని మొదలుపెట్టినాడు. బాగుండా అన్నా అని చెప్పినా.

మునెమ్మ